జ్వరం తగ్గాక వచ్చే మెదడు వాపు: మీ ఉత్తరాలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే కోవలో ఉన్నాయి. పిల్లలకి జలుబో జ్వరమో గొంతునొప్పో వచ్చి తగ్గిపోయింది, హమ్మయ్య అనుకున్నాక మెదడు మీద దెబ్బ పడింది. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. ఆ తల్లి అడిగినవే మిగతావాళ్లలో సగం మంది అడిగారు, అందుకని కుదించలేదు. పేర్లు, ఊళ్లు తీసేశాను. ఇక్కడ రాసిన డోసులు మీ దగ్గరున్న డిశ్చార్జి కాగితం అర్థం కావడానికే, ఇంట్లో మీరే మార్చుకోవడానికి కాదు.

డాక్టర్ గారూ, మా బాబుకి ఆరేళ్లు. జలుబు, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో తగ్గాయి, మళ్లీ బడికి కూడా వెళ్లాడు. పది రోజులయ్యాక ఉన్నట్టుండి తలనొప్పి, వాంతులు, మత్తు. నడుస్తుంటే తూలిపోయాడు, మర్నాటికి నన్ను కూడా పోల్చుకోలేదు. ఆస్పత్రిలో ఎమ్మారై తీసి మెదడులో తెల్ల మచ్చలున్నాయన్నారు, వెన్నులోంచి నీరు తీశారు. మొదట వైరస్ మందు, యాంటీబయాటిక్ పెట్టి, తర్వాత అవి ఆపేసి స్టెరాయిడ్ ఎక్కించారు. జబ్బు పేరు ఏడెమ్ అన్నారు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిందని ఒకరంటే, ఇది ఇన్ఫెక్షన్ కాదని ఇంకొకరన్నారు. మొదట ఇచ్చింది తప్పు మందా? ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఇంటికొచ్చి రెండు వారాలైంది. మాత్రలకి ముఖం ఉబ్బింది, పొద్దస్తమానం ఆకలంటాడు, చిన్నదానికే వస్తువులు విసిరికొడుతున్నాడు. మా ఆడపడుచు "బాగున్నాడుగా, ఇంకా ఆ స్టెరాయిడ్ ఎందుకు, ఆపెయ్" అంటోంది. ఆపేయనా?

ఆపకండమ్మా. ముందు ఈ మాట గట్టిగా చెప్పి, తర్వాత మిగతావాటికి వస్తాను.

ఆస్పత్రిలో ఇద్దరూ నిజమే చెప్పారు. ఇన్ఫెక్షన్‌తో మొదలైంది, కానీ మెదడు వాచే సమయానికి ఇన్ఫెక్షన్ వెళ్లిపోయింది. వైరస్‌ని తరమడానికి ఒంట్లో తయారైన రక్షణ కణాలు, యాంటీబాడీలు గురి తప్పి, నరాల తీగల చుట్టూ ఉండే మైలిన్ అనే పొర మీద పడ్డాయి. దీన్నే అక్యూట్ డిస్సెమినేటెడ్ ఎన్‌సెఫలోమైలైటిస్ అంటారు, పొట్టిగా ఏడెమ్. అలా గురి తప్పడానికి కొంత టైం పడుతుంది కాబట్టే మామూలు జబ్బు వచ్చిన రెండు రోజుల నుంచి నాలుగు వారాల లోపు ఇది బయటపడుతుంది. ఎక్కువగా ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో చూస్తాం. ఏ వైరస్ మొదలుపెట్టిందో చాలామందిలో చివరిదాకా తేలదు, తేలకపోయినా వైద్యం మారదు. ఏడాదికి లక్ష మంది పిల్లల్లో ఒక్కరికి కూడా రాని జబ్బు ఇది, కాబట్టి చల్లనీళ్లు తాగనిచ్చామనో, జ్వరం తగ్గగానే బడికి పంపామనో మీలో మీరు నలిగిపోకండి. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక ఆ మొదటి మందుల సంగతి. మత్తుగా, మనుషుల్ని పోల్చుకోలేని స్థితిలో వచ్చిన పిల్లాణ్ని చూసినప్పుడు అది ఏడెమో, హెర్పిస్ వైరస్ నేరుగా మెదడులోకి దిగిందో, బ్యాక్టీరియాతో మెదడు పొరలు వాచే మెనింజైటిసో పైకి చూసి చెప్పలేం. హెర్పిస్ మెదడు వాపుకి మందు పడకపోతే పది మందిలో ఏడుగురు దాకా చనిపోతారు. అందుకని ఆ వెన్ను నీటి రిపోర్టు వచ్చేదాకా ఎనిమిది గంటలకోసారి ఎసైక్లోవిర్, దాంతోపాటు యాంటీబయాటిక్ పెడతాం. జబ్బు మొదలైన తొలి రెండు మూడు రోజుల్లో హెర్పిస్ పీసీఆర్ పరీక్ష ఒక్కోసారి లేదని చూపించి తర్వాత ఉందని తేలుతుంది కూడా, అనుమానం బలంగా ఉంటే రెండోసారి నీరు తీయాల్సి వస్తుంది. అందుకే మొదట ఇచ్చింది తప్పు మందు కాదు. అది పెట్టకుండా ఉంటేనే నేను ఎందుకు పెట్టలేదని అడిగేవాణ్ని.

ఇన్ఫెక్షన్ కాదని తేలాక, ఒక్కోసారి తేలేలోపే, స్టెరాయిడ్ మొదలవుతుంది. మామూలుగా మిథైల్ ప్రెడ్నిసొలోన్, కిలో బరువుకి రోజుకి 20 నుంచి 30 మిల్లీగ్రాములు, ఎంత బరువున్న పిల్లలైనా 1000 దాటకుండా, మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. చాలామందికి ఆ కొద్ది రోజుల్లోనే తెలివి రావడం మొదలవుతుంది, దాంతో ఇంట్లోవాళ్లు వైద్యం అయిపోయిందనుకుంటారు. అసలు తికమక ఇక్కడే. సెలైన్‌లో వెళ్లిన మందు వాపుని అణిచింది, అంతేగానీ గురి తప్పిన ఆ రక్షణ కణాలు ఇంకా సద్దుమణగలేదు. తర్వాతి మాత్రలు, అంటే ప్రెడ్నిసొలోన్ కిలోకి ఒకటి రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాల మీద తగ్గించుకుంటూ రావడం, అందుకే. మూడు వారాల లోపే ఆపేసిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. మీ బాబు సరిగ్గా ఆ గీతకి ఇవతలే ఉన్నాడు. పైగా ఇన్నాళ్లు బయటి నుంచి స్టెరాయిడ్ వెళ్తుంటే ఒంట్లో సొంతంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి కూర్చుంటాయి, హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. మీ ఆడపడుచు గారు ప్రేమతోనే అన్నారు, కాదనను, కానీ ఆ ప్రేమ పిల్లాణ్ని మళ్లీ ఐసీయూకి చేర్చగలదు.

ముఖం ఉబ్బడం, ఆకలి, కోపం, నిద్ర పట్టకపోవడం మందువే, డోసు తగ్గేకొద్దీ అవీ తగ్గుతాయి. ముఖం మామూలు కావడానికి మందు ఆపాక ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. మాత్ర పొద్దున్నే ఏదైనా తిన్నాక ఇవ్వండి, సాయంత్రం ఇస్తే రాత్రంతా మెలకువే. ఉప్పు, తీపి తగ్గించండి. నొప్పికీ జ్వరానికీ ఐబుప్రొఫెన్ వద్దు, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో రక్తం పడొచ్చు, పారాసెటమాల్ చాలు. కానీ ఈ వారాల్లో జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి ఊరుకోకుండా అదే రోజు డాక్టరుకి చూపించాలి. మాత్ర వేసిన వెంటనే వాంతి అయి నిలవడం లేదంటే రాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. పక్కింట్లోనో క్లాసులోనో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వచ్చిందని తెలిస్తే మీవాడి ఒంటి మీద ఏమీ కనిపించకపోయినా ఆ రోజే ఫోన్ చేయండి.

ఇంకొకటి, మీకు అవసరం పడలేదు గానీ ఆస్పత్రిలో కూర్చుని ఇది చదివే వాళ్ల కోసం. అయిదు రోజుల స్టెరాయిడ్ అయ్యాక కూడా పిల్లల్లో మార్పు లేకపోతే "తర్వాతి మెట్టు ఏంటి?" అని డాక్టర్‌ని అడగండి, అడగడంలో తప్పు లేదు. కిలోకి మొత్తం రెండు గ్రాముల లెక్కన రెండు నుంచి ఐదు రోజుల్లో ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఎక్కించడం ఒక దారి. గురి తప్పిన యాంటీబాడీలు ఉన్న ప్లాస్మాని, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, తీసేసే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ ఇంకో దారి, సాధారణంగా రోజు మార్చి రోజు ఐదారు సార్లు చేస్తారు. ఏది ముందన్న దాని మీద డాక్టర్ల మధ్య తేడా ఉంటుంది, ఎందుకంటే ఏడెమ్‌లో ఈ మందులకి పోటీ పెట్టి తేల్చిన పెద్ద ట్రయల్స్ లేవు. మా అనుభవం, ఒకరి రికార్డులు ఒకరు చూసుకోవడం, అంతే. నా వరకు, పిల్లాడు ఊపిరికి ఇబ్బంది పడుతున్నా, మెదడు లోపల ఒత్తిడి పెరుగుతున్నా వారం రోజులు చూద్దాం అనే పద్ధతి నచ్చదు.

మా పాపకి ఏడేళ్లు, ఏడెమ్ తగ్గింది. రక్తంలో మాగ్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. నెట్‌లో చూస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఏవేవో ఉన్నాయి. ఇక జీవితాంతం మందులేనా?

నాన్నగారూ, మాగ్ అంటే మైలిన్ పొర మీద ఉండే ఒక ప్రొటీన్, దాని మీద యాంటీబాడీలు పడితే వచ్చేది మాగ్ జబ్బు. అది వేరు, మైలిన్ మీద దాడి ఏళ్ల తరబడి సాగే మల్టిపుల్ స్క్లెరోసిస్ వేరు. మాగ్ జబ్బుకి 2023లో విడిగా నిర్ధారణ సూత్రాలు కూడా వచ్చాయి. ఏడెమ్ వచ్చిన పిల్లల్లో సుమారు సగం మందికి ఈ యాంటీబాడీ కనిపిస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి జబ్బు ఒక్కసారితో పోతుంది. మొదటి దాడి తర్వాతే ఏళ్ల తరబడి మందు పెట్టడం మామూలుగా చేయరు. ఆరు నెలలకో ఏడాదికో ఆ పరీక్ష మళ్లీ చేయిస్తారు. నెగెటివ్ అయితే తిరగబెట్టే అవకాశం బాగా తగ్గినట్టు. ఇంకా పాజిటివ్‌గా ఉంటే మళ్లీ తప్పకుండా వస్తుందని కాదు, ఇంకొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలని మాత్రమే.

తిరగబెడితే అప్పుడు నెలనెలా ఐవీఐజీ, లేదా రక్షణ కణాల్ని అణిచే మైకోఫెనొలేట్, అజాథయోప్రిన్, రిటుక్సిమాబ్ లాంటి మందులు ఆలోచిస్తారు. ఎవరైనా పొరపాటున మల్టిపుల్ స్క్లెరోసిస్ అనుకుని దాని మందులు, ఉదాహరణకి ఇంటర్‌ఫెరాన్, మొదలుపెడతామంటే మాగ్ రిపోర్టు చూపించండి. ఇందులో అవి పని చేయవు.

మీరు ఇంట్లో చూసుకోవాల్సింది ముఖ్యంగా కళ్లు. మాగ్ తిరిగొస్తే తరచుగా కంటి నరం మీదికే వస్తుంది. కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి అనడం, టీవీకి దగ్గరగా జరగడం, ఒక పక్కగా తల తిప్పి చూడడం గమనించండి. ఎర్ర పెన్ను మూత ఒకటి పట్టుకుని, ఒక కన్ను మూసి చూడమనండి, తర్వాత రెండో కన్నుతో. ఒక కంటికి ఎరుపుగా, రెండో కంటికి వెలిసిపోయినట్టు కనిపిస్తోందంటే మర్నాటిదాకా ఆగొద్దు. అలాగని రోజూ చేస్తే పిల్లకి టెన్షన్, మీకూ టెన్షన్. అనుమానం వచ్చినప్పుడు చేస్తే చాలు.

ఇంకో చిన్న సంగతి. మొదటి మూడు నెలల్లో కొత్త లక్షణం వచ్చినా దాన్ని రెండో దాడిగా లెక్కపెట్టం, అదే జబ్బు ఇంకా నడుస్తోందని అర్థం. స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు ఇలా జరుగుతుంటుంది. మూడు నెలలు దాటాక వస్తే లెక్క మారుతుంది.

మా అమ్మాయి ఐదో తరగతి. ఏడెమ్ వచ్చి ఆరు నెలలైంది, ఎమ్మారైలో మచ్చలన్నీ పోయాయి, అంతా నార్మల్ అన్నారు. కానీ బోర్డు మీద ఉన్నది రాసుకునేలోపు టీచర్ చెరిపేస్తోందట. ముందు లెక్కల్లో ఫస్ట్, ఇప్పుడు ఏడుస్తుంది. బద్ధకమా? ట్యూషన్ గంట పెంచాం.

ట్యూషన్ గంట తగ్గించండి, వీలైతే పూర్తిగా మాన్పించండి. ఎమ్మారై మచ్చల్ని చూపిస్తుంది, ఆలోచించే వేగాన్ని చూపించదు. ఏడెమ్ నుంచి నడక, మాట పూర్తిగా తిరిగొచ్చిన పిల్లల్లో కూడా కొందరికి ఏకాగ్రత, విన్నది వెంటనే అందుకోవడం, చేతిరాత వేగం చాలాకాలం వెనకబడి ఉంటాయి. చిన్న వయసులో వచ్చిన వాళ్లలో ఇంకాస్త ఎక్కువ. దాన్ని బద్ధకం అని పిలిచిన ప్రతిసారీ పిల్ల ఇంకో మెట్టు కిందికి దిగుతుంది.

న్యూరోసైకాలజిస్టు దగ్గర రెండు మూడు గంటల పరీక్ష ఉంటుంది, జ్ఞాపకం ఎంత, వేగం ఎంత, శ్రద్ధ ఎంత అని విడివిడిగా తేలుస్తారు. ఆ రిపోర్టు తీసుకెళ్లి బడిలో మాట్లాడండి. బోర్డు మీద రాసింది కాగితం మీద ఇమ్మని, పరీక్షలో ఎక్కువ టైం ఇమ్మని, ముందు బెంచీలో కూర్చోబెట్టమని, అలసిపోతే కాసేపు తల వాల్చనివ్వమని అడగండి. అలసట నిజమైనది, నటన కాదు. సాయంత్రం నాలుగింటికి పడి నిద్రపోతోందంటే పోనివ్వండి.

నార్మల్ అని మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు, ఎమ్మారై గురించి చెప్పారు. మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని ఎవరూ చెప్పలేదు, బాధ అదే.

మావాడికి తొమ్మిదేళ్లు. గొంతునొప్పి తగ్గిన కొన్నాళ్లకి ఒక్క రాత్రిలో మారిపోయాడు. చేతులు తోలు ఊడేదాకా కడుగుతాడు, తలుపు గడియ మేం ముట్టుకుంటే ఏడుపు, కళ్లు టపటపా కొడతాడు, గంటలో పదిసార్లు బాత్రూంకి వెళ్తాడు. పాండాస్ అని చదివాం. గొంతు ఇన్ఫెక్షన్ జాడ చూపే రక్తపరీక్ష, ఏఎస్ఓ, ఎక్కువుంది. ఐవీఐజీ ఎక్కించమంటే డాక్టర్లు ఒప్పుకోవడం లేదు.

మీరు రాసినట్టే, ఫలానా రోజు మొదలైందని వేలు పెట్టి చూపించగలిగేంత హఠాత్తుగా రావడమే ఇందులో ముఖ్యం. 1998లో అమెరికాలో సూజన్ స్వీడో బృందం ఇలాంటి 50 మంది పిల్లల గురించి రాసి పాండాస్ అని పేరు పెట్టింది. స్ట్రెప్టోకాకస్, పొట్టిగా స్ట్రెప్, అనే బ్యాక్టీరియాతో గొంతు ఇన్ఫెక్షన్ వచ్చాక మెదడు లోపల కదలికల్ని, అలవాట్లని నడిపే బేసల్ గాంగ్లియా మీద యాంటీబాడీలు పడతాయన్నది వాళ్ల ఆలోచన. స్ట్రెప్ రుజువు కాని వాటిని కూడా కలుపుకుని తర్వాత పాన్స్ అన్నారు. దీని మీద డాక్టర్ల మధ్య వాదన ఇంకా తెగలేదు, మీ డాక్టర్లు వెనకాడటానికి అదొక కారణం.

ఐవీఐజీ గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. 1999లో వచ్చిన ఒక ట్రయల్‌లో బాగా పని చేసింది. 2016లో 35 మంది పిల్లల మీద జరిగిన ఇంకో ట్రయల్‌లో ఉత్త ద్రవం ఎక్కించిన వాళ్లకీ, ఐవీఐజీ ఎక్కించిన వాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. తీవ్రమైన తలనొప్పి, మెదడు పొరల వాపు, అరుదుగా రక్తం గడ్డకట్టడం లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. అంటే ఎప్పటికీ వద్దని కాదు, తీవ్రంగా ఉండి మిగతావి విఫలమైన పిల్లలకి ఆలోచిస్తారు. మొదటి వారం మందు మాత్రం కాదు. ఏఎస్ఓ కూడా మీరనుకున్నంత రుజువు కాదు, బడి వయసు పిల్లల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఎక్కువుంటుంది, ఒకసారి పెరిగితే నెలల తరబడి దిగదు.

గొంతు కల్చర్ చేయించండి, స్ట్రెప్ ఉంటే పూర్తి కోర్సు యాంటీబయాటిక్ వాడండి. దాంతోపాటు, అది అయ్యాక కాదు, అతిశుభ్రతకి బిహేవియర్ థెరపీ మొదలుపెట్టండి. చేతులు కడగాలన్న ఆరాటం వచ్చినా కడగకుండా కాస్త కాస్త సేపు ఆగడం నేర్పిస్తారు. "మావాడిది ఇన్ఫెక్షన్ జబ్బు, మానసికం కాదు, సైకాలజిస్టు ఎందుకు?" అని చాలామంది తండ్రులు అడ్డం తిరుగుతారు. కారణం ఏదైనా ఈ థెరపీ పని చేస్తుంది, మందుగా తక్కువ డోసులో ఎస్ఎస్ఆర్ఐ (ఆందోళన, ఆరాటం తగ్గించే మాత్ర) అవసరమైతే అదీ అంతే.

వీటితోపాటు మాట తగ్గిపోవడం, ఫిట్స్, రాత్రంతా నిద్ర లేకపోవడం, నోరు వింతగా కదలడం, మీరెవరో తెలియనట్టు చూడడం ఉంటే అది పాండాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. అది మెదడు కణాల మీదుండే ఎన్ఎండీఏ అనే గ్రాహకం మీద యాంటీబాడీలు పడే మెదడు వాపు కావచ్చు. 2007లో గుర్తించిన జబ్బు, హెర్పిస్ మెదడు వాపు తగ్గిన కొన్ని వారాలకి కూడా వస్తుంది, పిచ్చి అని పొరబడుతుంటారు. దానికి స్టెరాయిడ్, ఐవీఐజీ, ప్లాస్మా ఎక్స్ఛేంజ్ అన్నీ వెంటనే కావాలి. నీళ్లు, తిండి మానేసినా సరే, అడ్మిట్ చేయాల్సిందే.

మా మనవరాలికి పదేళ్లు. చేతులు ఊరికే కదులుతుంటాయి, పెన్సిల్ జారిపోతుంది, కాసేపు నాలుక బయట పెట్టి ఉంచలేదు. బడిలో అల్లరి చేస్తోందని నిలబెడుతున్నారు.

పెద్దాయనా, అది అల్లరి కాకపోవచ్చు. మీ రెండు వేళ్లు ఇచ్చి గట్టిగా పట్టుకోమనండి. పట్టు బిగుసుకుని, సడలి, మళ్లీ బిగుసుకుని, పాలు పితికినట్టు అనిపిస్తే సిడెన్‌హామ్ కొరియా అనుమానించాలి. నిద్రపోతే ఆ కదలికలు ఆగిపోతాయి, అదీ గమనించండి. ఇదీ స్ట్రెప్ గొంతునొప్పి వల్లే, కానీ నెలల తర్వాత వస్తుంది కాబట్టి అప్పటికి గొంతు పరీక్షలో ఏమీ దొరకదు, గొంతునొప్పి వచ్చినట్టు ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఇందులో కదలికల కంటే గుండె ముఖ్యం. ఇది స్ట్రెప్ తర్వాత కీళ్లు, గుండె మీద పడే రుమాటిక్ జ్వరంలో భాగం, గుండెలో చప్పుడు వినిపించకపోయినా ఎకో (గుండె స్కాన్) తీయించాలి. కదలికలకి వాల్‌ప్రోయేట్ లాంటి ఫిట్స్ మందులు, తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ ఇస్తారు, చాలామందికి కొద్ది నెలల్లో తగ్గుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. గుండెకి ఏమీ కాకపోతే ఐదేళ్లు లేదా 21 ఏళ్లు వచ్చేదాకా, వీటిలో ఏది ఎక్కువైతే అది. కవాటం దెబ్బతింటే ఇంకా ఎక్కువ. పిల్ల బాగుంది కదా అని మానేసేది ఈ ఇంజెక్షనే, కవాటాలు పాడయ్యేదీ అప్పుడే. బడివాళ్లకి డాక్టర్ చీటీ పంపండి, నిలబెట్టడం ఆపుతారు.

ఏడెమ్ వచ్చిన పిల్లలకి ఇక టీకాలు వేయించకూడదంటున్నారు. నిజమా?

నిజం కాదు, వేళ మారుతుంది అంతే. తట్టు నేరుగా వస్తే సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఇలాంటి మెదడు వాపు వస్తుంది, దాని టీకాతో వచ్చే అవకాశం దానికి ఎన్నో రెట్లు తక్కువ. ఈ భయానికి పాత కారణం ఒకటుంది, లేదనను. జంతువుల మెదడు కణజాలంతో చేసిన పాత రేబిస్ టీకా నిజంగానే ఏడెమ్ తెచ్చేది. ఇప్పటి రేబిస్ టీకాలు కణాల కల్చర్‌లో తయారవుతాయి, వాటిలో మెదడు కణజాలం ఉండదు.

ఎక్కువ డోసు స్టెరాయిడ్ రెండు వారాలు దాటి వాడితే, ఆపాక కనీసం నెల దాకా తట్టు, ఆటలమ్మ లాంటి లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసేవి) వద్దు. కిలోకి రెండు గ్రాముల ఐవీఐజీ ఎక్కించి ఉంటే ఆ రెండింటికీ 11 నెలలు ఆగాలి. ముందే వేస్తే ఎక్కించిన యాంటీబాడీలు టీకాని పని చేయనివ్వవు. మిగతా టీకాలు ఎప్పుడన్నది మీ న్యూరాలజిస్టుని అడిగి రాయించుకోండి. ఫలానా టీకా వేసిన రెండు మూడు వారాలకే ఏడెమ్ వచ్చి ఉంటే ఆ ఒక్కదాని సంగతి విడిగా మాట్లాడాలి. అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి మాత్రం ఏదీ ఆపొద్దు, వాళ్లకి తట్టు రాకపోవడమే ఈ పిల్లాడికి కాపలా. కుక్క కరిస్తే ఈ లెక్కలేవీ లేవు, గాయం సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించాలి, స్టెరాయిడ్ వాడుతున్నాడని అక్కడ చెప్పాలి.